మిల్లు హోరులో అక్క ప్రార్థన

మొన్న ఎమ్మిగనూరులో బంధువుల పెళ్లికి పోయాను. మైకు మోత, సన్నాయి మోత, ఆ రెండింటినీ మించి అరుచుకుంటూ మాట్లాడుకునే జనం. ఉన్నట్టుండి కరెంటు పోయింది. మైకు ఆగింది, సన్నాయి వాళ్లు కూడా ఎందుకో ఆగారు. ఆ నిశ్శబ్దంలో పందిట్లో ఒక మూల నుంచి ఒకావిడ గొంతు ఖంగుమంది. "పిల్లోడు బంగారమే గానీ, వాళ్లమ్మకే నోరు జాస్తి." ఆ వాళ్లమ్మ సరిగ్గా ఆవిడ ముందు కుర్చీలోనే ఉంది. పందిరంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటుంటే, "ఏమయింది తాతా" అని మనవరాలు అడిగింది. ఏం చెప్పను? ఇట్లాగే ఒకసారి ఆదోనిలో ఇంజను ఆగిపోయినప్పుడు బయటపడ్డ ఇంకో గొంతు గుర్తొచ్చింది.

ఆదోని బళ్లారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్తలో నేనక్కడ ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా చేరాను. పత్తి నుంచి గింజను వేరుచేసే యంత్రాన్ని మేం జిన్ను అనేవాళ్లం. పొడుగాటి రేకుల షెడ్డులో వరసగా జిన్నులు, ఒక్కో జిన్ను ముందు ఒక్కో ఆడమనిషి. ఇంజను మొదలైందంటే బెల్టుల చప్పుడు, జిన్నుల చప్పుడు, రేకుల అదురు కలిసి, చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడేది కాదు. ఆ ఆడవాళ్లు చేతులతోనూ కనుబొమలతోనూ సంసారాలన్నీ మాట్లాడుకునేవాళ్లు.

ఆ గొంతు అక్కది. ఆమె జిన్ను షెడ్డు చివర, ఇంజను గదిని ఆనుకుని ఉండేది. అందరికన్నా మోత ఎక్కువున్న చోటు అది. ఎవరికీ వద్దనిపించే ఆ చోటును ఆమె అడిగి మరీ తీసుకుందని విని నేను ఆశ్చర్యపోయాను. మనిషి పొడగరి, ఎముకల పోగు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని పనిచేసేది. సాయంత్రానికి పత్తినూగు పడి జుట్టూ రెప్పలూ తెల్లగా అయ్యేవి. మిల్లులో అందరూ ఆమెను అక్క అనే పిలిచేవాళ్లు, నాతో సహా. ఆమె మాత్రం నన్ను 'అప్పా' అనేది.

ఆ తడిగుడ్డ వెనకాల ఆమె దవడ ఎప్పుడూ ఆడుతూనే ఉండేది. వక్కాకు నములుతోందనుకున్నాను. ఒకరోజు అన్నం బెల్లు కొట్టినప్పుడు, "వక్కాకు నమిలితే నమిలినావు గానీ, పత్తి మీద ఉమ్మొద్దక్కా. సేటు చూస్తే నా ప్రాణం తీస్తాడు" అన్నాను.

ఆమె గుడ్డ కిందికి లాగి నోరు తెరిచి చూపించింది. "వక్కాకు కాదప్పా. ప్రార్థన."

మిల్లులో ఆ ప్రార్థన ఎవరికీ వినబడకపోవచ్చు గానీ, మిల్లు బయట ఊరంతటికీ వినబడేది. ఏళ్ల తరబడి ఆ హోరులో మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు ఆ ఎత్తులోనే నిలిచిపోయింది. ఆదివారం గుడిలో, అంటే చర్చిలో, ఆమె మోకాళ్లూని నోరు తెరిస్తే, ముందు వరసలో నిద్రపోయే పెద్దలు ఉలిక్కిపడి లేచేవాళ్లట. "దేవుడు చెవిటివాడు కాదమ్మా" అని పాస్టరయ్య ఒకసారి మెత్తగా చెప్పి చూశాడు. "ఆయప్పకు బాగనే యినబడతాదయ్యగారూ. నాకే అలవాటు పోదు" అన్నదట. ఈ మాట నాకు చెప్పింది కూడా ఆమే, బజారు మధ్యలో, అటూ ఇటూ పోయేవాళ్లందరికీ వినబడేట్టు.

ఆమెది ఎమ్మిగనూరు. వాళ్ల తాతల కాలంలోనే క్రైస్తవంలో కలిసిన కుటుంబం. భర్త మగ్గం నేసేవాడు. ఒక్క కొడుకు, అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్నాడు. గత్తర వచ్చిన ఏడు తండ్రీ కొడుకులిద్దరూ ఒక్క వారంలోనే పోయారు. కలరాను మా వైపు గత్తర అంటారు. ఆ వారమంతా ఆమె నేల మీద పడి ప్రార్థిస్తూనే ఉందట. ఆ తర్వాత ఇంటికి తాళం వేసి ఆదోనికి వచ్చింది. మళ్లీ ఆ ఊళ్లో కాలు పెట్టలేదు.

"ఆడ నా మాట యిన్లేదప్పా" అనేది. అంతకుమించి ఆ ఊరి గురించి ఒక్క మాట కూడా చెప్పేది కాదు. పాస్టరయ్య ఆదివారం మధ్యాహ్నాలు ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఊళ్లకు పోయేవాడు. రోగులున్న ఇళ్లలో ప్రార్థన చేయడం, పాటలు పాడటం వాళ్ల పని. మాధవరం అంటే అక్క ముందు నడిచేది. గూడూరంటే తెల్లారకముందే తయారయ్యేది. ఎమ్మిగనూరు అన్నారంటే మాత్రం ఆ ఆదివారం ఆమెకు తలనొప్పి.

మరి మిల్లులో ప్రార్థన ఎట్లా మొదలైందని ఒకసారి అడిగాను.

"మొదట్లో ప్రార్థన యాడిదప్పా? తిట్లు. ఇంజను మొదలైతే సాలు, ఆయప్పను నోటికొచ్చినట్ల తిడతాంటి. ఏడుస్తాంటి. ఇంట్లో ఏడిస్తే నలుగురొచ్చి ఊరడిస్తారు. ఈ మోతలో ఎవురొస్తారు? కడుపారా ఏడవొచ్చు. దానికే గదా ఈ మూల అడిగి తీసుకుంటి."

"మళ్ల?"

"ఒగదినం ఏడుపు అయిపోయింది. నోరు మాత్రం ఊరికే ఉండదే. సూస్తే పక్క జిన్ను కాడ ఖాసింబీ కండ్లు తుడుసుకుంటాంది. నాది అయిపోయినాంక దాని ఏడుపు అందుకుంటి."

అట్లా ఒక్కొక్కరి ఏడుపూ అందుకుంటూ షెడ్డంతా చుట్టేసింది. ఎవరి మొగుడు తాగొస్తాడు, ఎవరి బిడ్డకు జ్వరం తగ్గలేదు, ఎవరి అత్త అన్నం పెట్టదు, అన్నీ ఆమె దగ్గర ఉండేవి. పేరు పేరునా దేవుడికి చెప్పుకునేది. మిల్లులో సగం మంది హిందువులు, కొందరు సాయిబులు. దేవుడికి ఆ లెక్క తను చెప్పలేదని ఆమె అనేది. నాకు శనివారం ఆంజనేయస్వామి చాలు. అయినా నా పేరు కూడా ఆ జాబితాలో ఉందని తెలిసినప్పుడు లోపల ఎక్కడో హాయిగానే అనిపించింది.

ఖాసింబీ ఇల్లు నా అద్దెగదికి ఎదురుగానే. భర్త జట్కా తోలేవాడు. అత్త చండశాసనురాలు. ఖాసింబీకి బిడ్డలెవరూ నిలవలేదు. ఒకరు పురిట్లోనే, ఇంకొకరు పురుడు కూడా రాకముందే పోయారు. మూడో కడుపు వచ్చినప్పుడు ఆమె మిల్లులో ఒక్క అక్కకే చెప్పింది. బయటపడితే పని పోతుంది. బెల్టుల దగ్గర ఏదన్నా జరిగితే తన తలకు చుట్టుకుంటుందని, కడుపుతో ఉన్నవాళ్లను మేస్త్రీ పనిలోకి రానిచ్చేవాడు కాదు. "ఎవురికీ సెప్పొద్దక్కా" అని ఖాసింబీ చేతిలో చెయ్యి వేయించుకుంది.

అక్క మాట నిలబెట్టుకుంది. మనిషన్నవాడికి ఎవరికీ చెప్పలేదు. దేవుడికి మాత్రం చెప్పింది.

పత్తి సుగ్గి, అంటే పంట చేతికొచ్చే కాలం, మంచి ఊపు మీదున్న రోజులు. నేను ఏదో పని మీద షెడ్డులోకి పోయాను. మేస్త్రీ అక్క వెనకాలే నిలబడి, దూరంగా ఉన్న ఎవరికో చేత్తో సైగలు చేస్తున్నాడు. ఫట్ మని పెద్ద బెల్టు తెగింది. ఇంజను ఆపేశారు. జిన్నులన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి. అక్క కళ్లు మూసుకుని ఉంది. ఆమె ధ్యాసలో ఆమె ఉంది.

"ఖాసింబీ కడుపులో బిడ్డను ఈ తూరన్నా నిలబెట్టు ప్రభువా, మేస్త్రీ కండ్లు మాత్రం కప్పు..."

ఆ రేకుల షెడ్డులో ఆ మాట ఈ చివర నుంచి ఆ చివరికి పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. అక్క కళ్లు తెరిచి వెనక్కి తిరిగింది. కళ్లెదుట మేస్త్రీ. అతని కళ్లు కప్పి లేవు సరిగదా, గుడ్లంత అయ్యాయి.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. సాయంత్రం ఖాసింబీని పని మానుకోమన్నారు. ఆమె కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. పోతూ అక్క వైపు చూడను కూడా చూడలేదు. మిగతా ఆడవాళ్లు మాత్రం ఊరుకోలేదు. "నోట్లో నువ్వుగింజ నానదే నీకు" అని ఒకతె, "ఇంగ మా సంగతులు నీ దేవునికి సెప్పొద్దు తల్లీ" అని ఇంకొకతె. అక్క నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"అప్పా, ఆడ నా బిడ్డ కోసరం మొక్కితి, పోయినాడు. ఈడ దీని బిడ్డ కోసరం మొక్కితి, దాని కూడు పోయింది. ఈ బిడ్డకు గన ఏమన్నా ఐతే నేను ఇంగ నోరు తెరవను. సచ్చేదంకా తెరవను."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూసి నాకు భయం వేసింది. ఆ ప్రార్థన తప్ప ఆమెకు ఈ లోకంలో ఇంకేం మిగల్లేదని నాకు తెలుసు.

మర్నాడు తెల్లవారుతూనే మా వీధిలో గలాటా వినబడి తలుపు తీశాను. అక్క నెత్తిన నీళ్లకుండతో ఖాసింబీ ఇంటి ముందు నిలబడి ఉంది. గడపకు అడ్డంగా అత్త.

"మా గడప తొక్కొద్దు. నీ నోటితోనే దాని పని పీకించినావు."

"తొక్కను పెద్దమ్మా. కుండ ఈడ దించిపోతా. నువ్వే లోపలికి తీస్కో."

"నీ ప్రార్థనలు మా ఇంట్లో కుదర్వు."

"ఇంట్లో సెయ్యను. రోడ్డు మీద సేస్తా. రోడ్డు సర్కారుది గదా."

అన్నట్టే చేసింది. ఆదోనిలో నీళ్ల కరువు సంగతి తెలిసిందే. ఎంతో దూరం పోయి, ఒక్కో కుండా తెచ్చి గడప బయట దించి, రోడ్డు మీద నిలబడి కళ్లు మూసుకునేది. ఇక ఆ గొంతుతో వీధిలో పసిపిల్లలతో సహా అందరం లేవాల్సిందే. అత్త మొదట్లో చెంబు తీసుకుని గట్టిగా చప్పుడు చేస్తూ తోమేది. మిల్లు ఇంజనుకే లొంగని గొంతు, చెంబుకు లొంగుతుందా?

క్రైస్తవుల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్లు ఎసట్లో గింజలు పోసేముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేస్తారు. ఆదివారం ఆ పిడికెళ్లన్నీ మూటగట్టి గుడికి తెస్తారు. మా వైపు అవి జొన్నలు. ఆ గింజలే పాస్టరయ్య ఇంటి తిండి. ఖాసింబీకి పని పోయిన వారం, అక్క పాస్టరయ్య దగ్గరికి పోయి, బిడ్డ పుట్టేదాకా తన పిడికెడు ఖాసింబీ ఇంటికి పోతుందని చెప్పేసింది. అది దేవుని భాగం కదమ్మా అని ఆయన సందేహించాడు.

"మీరు చిక్కిపోతే సంఘమంతా అడుగుతాదయ్యగారూ. ఆ పిల్ల చిక్కిపోతే ఎవురు అడుగుతారు?"

ఆయన మంచివాడు. ఆ పై ఆదివారం తనే గుడిలో లేచి, ఎవరికి ఇష్టమైతే వాళ్లు అట్లాగే చేయొచ్చన్నాడు. సంగతి మిల్లులో పాకింది. మా సంగతులు చెప్పొద్దు తల్లీ అన్న మనిషే మొదట కొంగులో జొన్నలు మూటగట్టుకుని వచ్చింది. ఆమె ఎల్లమ్మను కొలిచే మనిషి, పాస్టరయ్య గుడి మొహం ఎరగదు. తర్వాత ఇంకొకతె, ఇంకొకతె. అక్క మూట పట్టుకుపోతే, "మీ దేవుని జొన్నలు మాకొద్దు" అంది అత్త.

"దేవునికి సేనెక్కడిది పెద్దమ్మా? ఇయ్యి మాధవరం సేన్లో పండినేటివి" అంది అక్క.

మూట లోపలికి పోయింది. గడప మాత్రం గడపే. అత్తకు అంత పట్టుదల.

నేను చూస్తుండగానే ఇంకో మార్పు వచ్చింది. అన్నం బెల్లు కొట్టగానే ఆడవాళ్లు ఒక్కొక్కరే అక్క దగ్గరికి పోయి కూర్చోవడం మొదలుపెట్టారు. "నాది గూడా సెప్పక్కా" అనేవాళ్లు. "ఇంజను ఆగితే అందరికీ తెలుస్తాదే" అని అక్క ముందే హెచ్చరించేది. "తెలిస్తే తెల్సనీ" అనేవాళ్లు. ఒకరి బాధ ఒకరికి తెలిస్తేనే నలుగురూ తోడు నిలుస్తారని ఖాసింబీ సంగతితో వాళ్లకు అర్థమైనట్టుంది.

ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం పొద్దెక్కాక మా వీధిలో హడావుడి మొదలైంది. ఖాసింబీకి నొప్పులు. జట్కా పోయి మంత్రసానిని తెచ్చింది. ఎవరు చెప్పారో, అక్క గుడిలో ప్రసంగం మధ్యలోనే లేచి వచ్చేసింది. వచ్చి, తన మామూలు చోట రోడ్డు మీద నిలబడింది. కాళ్లకు చెప్పుల్లేవు. ఆ ఎండకు మా వీధి బండలు పెనం మాదిరి కాలేవి. నీడకు రమ్మని నేను పిలిస్తే వినిపించుకోలేదు. ప్రార్థన సాగుతూనే ఉంది. గొంతు బొంగురుపోయింది, అయినా సాగుతూనే ఉంది. వీధిలో జనం ఎవరి గుమ్మాల్లో వాళ్లు నిలబడ్డారు.

లోపల ఖాసింబీ కేక ఒకటి పెద్దగా వినిపించి ఆగింది. అందరం చెవులు రిక్కించాం. బిడ్డ ఏడుపు వినబడలేదు. ఇంకా చూశాం. వినబడలేదు. అక్క నోరు మూసుకుంది. నేను ఆమెను ఎరిగినప్పటి నుంచి ఆ పెదవులు కలిసి ఉండగా చూడటం అదే మొదలు. ఆమె తిరిగి వెళ్లిపోతుందని, ఇక జన్మలో మాట్లాడదని నాకు అనిపించింది.

అత్త బయటికి వచ్చింది. తల మీద ముసుగు జారిపోయిన సంగతి కూడా ఆమెకు తెలియదు.

"మగబిడ్డ. ఏడుస్తలేడు" అంది. అక్క కదల్లేదు. అత్త రోడ్డు మీదికి దిగి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్లూ మా ప్రాణం తిన్నావు గదా. ఇప్పుడేం నోరు మూస్కున్నావు? రా లోపలికి. లోపల నిలబడి పిలువు నీ దేవున్ని."

అక్కను గడప దాటించి ఈడ్చుకుపోయింది.

లోపల జరిగింది అత్త ఆ తర్వాత బతికినన్నాళ్లూ అందరికీ చెప్పింది. మంత్రసాని బిడ్డ పాదాలు తట్టి తట్టి అలిసిపోయింది. అత్త బిడ్డను తీసి అక్క చేతుల్లో పెట్టింది. కొడుకు పోయిన తర్వాత ఆమె ఏ పసిబిడ్డనూ ఎత్తుకోలేదని అప్పుడు ఎవరికీ తెలియదు. బిడ్డను రెండు చేతులతో రొమ్ముకు అదుముకుందట. మంత్రసాని వీపు రుద్దుతూనే ఉంది. అప్పుడు అక్క అరిచింది, "యేసయ్యా" అని, ఒక్కటే మాట. ఆ కేక నాకు ఎదురింట్లో నా గది గోడ లోపలి నుంచి వచ్చినట్టు వినిపించింది. దాని వెనకనే సన్నగా, కోపంగా ఇంకో కేక.

బిడ్డ ఏడ్చింది దేవుడి దయ వల్లనా, మంత్రసాని చేతి చలవ వల్లనా, ఆ గొంతుకు దడుసుకునా అని మా వీధిలో మూడు జట్లుగా చీలి చాలా కాలం వాదించుకున్నారు. నేను ఏ జట్టులోనూ చేరలేదు. జట్కా ఆయన మాత్రం వీధిలో అందరికీ చక్కెర పంచాడు. పాస్టరయ్యకూ పెట్టాడు, నాకూ పెట్టాడు. వచ్చే సుగ్గికి ఖాసింబీని మళ్లీ పనిలోకి పిలిచారు. పిలవడానికి మేస్త్రీ తనే వచ్చాడు.

అక్క మాత్రం ఆ సుగ్గికి మిల్లులో లేదు. బిడ్డ పుట్టిన మర్నాడే నా బల్ల దగ్గరికి వచ్చి, "అప్పా, ఎమ్మిగనూరు పోతాండాను" అంది. చూసి రావడానికేమో అనుకున్నాను. తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఏడాదో ఏడాదిన్నరో గడిచాక నేను ఎమ్మిగనూరులో మా చెల్లెలి ఇంటికి పోయి, అక్క గురించి వాకబు చేశాను. మగ్గాల వీధి చెప్పారు. ఇల్లు అడగాల్సిన పని లేకపోయింది. మగ్గాల చప్పుడులోంచి ఆ గొంతే దారి చూపింది.

అది ఆమె పాత ఇల్లు. తండ్రీ కొడుకులు పోయినప్పుడు తాళం వేసిన గది అది. సున్నం కొట్టి ఉంది, నేల అలికి ఉంది, చాపలు పరిచి ఉన్నాయి. మగ్గం ఉన్న గుంట పూడ్చేసి ఉంది. వారం వారం మధ్యాహ్నం పూట అక్కడ ఆడవాళ్లు చేరతారట. కూచోమని నాకు చెంబుతో నీళ్లిచ్చింది. కొంచెం ఒళ్లు చేసింది. జుట్టు నిజంగానే నెరిసింది.

"ఈ ఊరికి రానంటివి గదక్కా" అన్నాను.

"అలిగి పోయింటినప్పా. ఆ పొద్దు నా మాట ఎందుకు యిన్లేదో నాకు ఇప్పటికీ తెలీదు. అడుగుతానే ఉండా. సెప్పినప్పుడు సెప్తాడు." గది చుట్టూ ఒకసారి చూసింది. "ఆ పొద్దు నేను ఈ నేల మింద పడి ఏడుస్తాంటే తలుపు తీసి వచ్చేవాళ్లు లేరు. గత్తరంటే ఎవురొస్తారు? ఏడ్సేకి ఆడదానికి ఒగ జాగా ఉండాలప్పా. మొక్కేకి గూడా. యినేకి ఒగ మనిషుండాల. ఈ ఊళ్లో అది నేనే."

చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కనబడ్డది గర్వమే. అట్లాంటి గర్వాన్ని నేను ఏ సేటు ముఖంలోనూ చూడలేదు. నా కళ్లు నిండాయి, దాచుకోలేదు.

ఇంతలో గడప దగ్గర ఒక పిల్ల వచ్చి నిలబడింది. చంకలో బిడ్డ, కళ్లు వాచి ఉన్నాయి. లోపలికి రావాలో వద్దో తెలియక చూస్తోంది. అక్క నన్ను అక్కడే వదిలేసి లేచి వెళ్లి, ఆమె చంకలోంచి బిడ్డను అందుకుని, ఆ పిల్లను లోపల తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ వెనక మరో ఇద్దరు వచ్చారు. నూలు కండెల గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలామె వచ్చింది. చెయ్యి పట్టుకుని ఒక గుడ్డామెను ఎవరో తీసుకొచ్చారు. చాపలు నిండిపోయాయి. నేను కూర్చున్న చోట ఇద్దరు పడతారనిపించి, లేచి బయట చెప్పుల మధ్య నిలబడ్డాను. లోపల అక్క గొంతు లేచింది. వీధి మలుపు నుంచి ఆడవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు.